పతాకము లాగు విమానము

2021 అక్టోబరు 2వ తేదీన కెనడాలోని మాంట్రియల్ నగరముపై ఒక చిన్న సెస్నా 172 విమానము ఎగురుచుండెను. దాని వెనుక త్రాటికి కట్టిన పొడవైన పతాకముపై పెండ్లికి సమ్మతి కోరు వాక్యము వ్రాసియుండెను. దారిలో ఇంజను శక్తి సన్నగిల్లినది. విమానము సెయింట్ లారెన్స్ నది యొడ్డునగల ఒక పార్కులో కూలిపోయినది. పైలటు గాయములతో బయటపడెను, ప్రయాణికులొకరు మరణించిరి.

ఒక గుడ్డను లాగుటలో ఇంత ప్రమాదమెందుకు? పతాకము బరువు స్వల్పమే. కాని అది గాలిని అడ్డగించును. ఎదురుగాలిలో సైకిలు త్రొక్కువాడు గొడుగు విప్పినచో ఏమగునో తలచుకొనుడు. గొడుగు బరువు పెరుగలేదు. అయినను కాళ్ల శక్తియంతయు గాలితో పోరాడుటకే చాలును. అట్లే పతాకము కట్టిన విమానమున ఇంజను శక్తిలో పెద్దభాగము గాలి నిరోధమునకే ఖర్చగును. పైకెక్కుటకు మిగులునది కొంచెమే; వేగమును తగ్గును.

వేగము తగ్గినప్పుడు విమానమును నిలుపుటకు రెక్కను గాలికి మరికొంత ఏటవాలుగా ఎత్తవలెను. దీనికొక హద్దు కలదు. సాధారణమైన రెక్కకు ఆ కోణము సుమారు 15 డిగ్రీలు. అది దాటినచో రెక్క పైభాగమున ప్రవహించు గాలి విడిపోయి, ఎత్తుబలము ఒక్కసారిగా తగ్గును. దీనినే స్టాల్ అందురు.

ఈ పాఠమునకు మానవుడు ప్రాణములతో మూల్యము చెల్లించెను. జర్మనీ దేశీయుడు ఆటో లిలియెంతాల్ గ్లైడర్లపై వందలకొలది పర్యాయములు ఎగిరిన అనుభవశాలి. 1896 ఆగస్టు 9న ఆయన గ్లైడరు గాలిలో నిలిచిపోయి, సుమారు 15 మీటర్ల ఎత్తునుండి నేలకు పడెను. మరునాడు బెర్లిన్‌లో ఆయన మరణించెను. ఈ దుర్ఘటనను మరువని రైట్ సోదరులు 1903 నాటి తమ విమానమున, ముక్కును ఎత్తి దించు ఫలకమును రెక్కలకు ముందుభాగమున అమర్చిరి.

పతాకమును అందుకొనుట మరింత క్లిష్టమైన పని. సాధారణముగా పతాకమును నేలపై పరచి, దాని త్రాటిని రెండు గుంజల నడుమ కట్టుదురు. విమానము క్రిందుగా వచ్చి, వ్రేలాడు కొక్కెముతో త్రాటిని తగిలించుకొని వెంటనే నిట్టనిలువుగా లేచును. ముక్కు పైకి, వేగము తక్కువ, నేల దగ్గర: మూడును ఒక్క క్షణముననే కూడును.

2010 మే 6న ఇంగ్లండులోని హింటన్-ఇన్-ది-హెడ్జెస్ వద్ద పతాకము విల్గా విమానపు తోకకు చుట్టుకొనగా అది ముక్కు క్రిందుగా నేలకు కూలెను. అందున్న రాజకీయ నాయకుడు నైజెల్ ఫరాజ్, పైలటు గాయపడి బ్రతికిరి.

ఆపదలో పతాకమును వదలుటకు పైలటు చేతికందునట్లు ఒక మీట యుండును. వదలిన వెంటనే నిరోధము తగ్గును. కాని తోకకు చుట్టుకొన్న పతాకము మీట లాగినను వదలదు. నేల దగ్గరైనచో వదలిన పిమ్మట కోలుకొనుటకు కాలము చాలదు. ఎత్తు, వేగము పైలటు దాచుకొన్న ధనము వంటివి. పతాకము ఆ ధనమును ముందుగానే కరిగించును.

ఉపాధ్యాయులు తరగతిలో కాగితపు విమానము తోకకు దారముతో ఒక కాగితపు పీలికను కట్టి విసరి చూపవచ్చును. పీలిక లేనిదానికంటె అది ఎంత త్వరగా నేలకు వచ్చునో విద్యార్థులు స్వయముగా కొలిచి తెలిసికొందురు.