ఎర్ర తెర ముందు మూడు దశాబ్దాలు: వెబ్‌సైట్ సర్టిఫికెట్ హెచ్చరికల చరిత్ర

రేపల్లె రైతు భూరికార్డుల సైటు మీభూమిలో తన 1బి చూసుకోబోతాడు. బాపట్లలో ఇంజనీరింగ్ విద్యార్థి పరీక్ష ఫీజు కట్టబోతాడు. తెనాలిలో స్థలం కొనదలచిన కుటుంబం ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించుకోబోతుంది. ఏదో ఒక రోజు ముగ్గురికీ ఒకే తెర ఎదురవుతుంది: ఎర్ర త్రికోణం, దాని కింద ‘యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్’ అన్న వాక్యం. మన ఊళ్లలో చాలాకాలంగా దీనికి ఒకటే మందు: అడ్వాన్స్‌డ్ నొక్కు, ప్రొసీడ్ నొక్కు, పని కానివ్వు. ఈ అలవాటును ఒట్టి అజ్ఞానం అనడం అన్యాయం. పాతికేళ్లలో ఒక్కో లోపం ఒక్కో చిట్కాను నేర్పింది. లోపం పోయాక కూడా చిట్కా మిగిలిపోయింది. ఏది దేనికోసం పుట్టిందో తెలిస్తే హెచ్చరిక కనిపించినప్పుడు ఏం సరిచేయాలో, ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.

ఈ ఏర్పాటుకు మూలం 1995లో నెట్‌స్కేప్ సంస్థ తెచ్చిన ఎస్ఎస్ఎల్. బ్రౌజర్‌కూ వెబ్‌సైట్‌కూ మధ్య నడిచే సమాచారాన్ని అది రహస్య లిపిలోకి మార్చేది. 1999లో దాని స్థానంలోకి టీఎల్ఎస్ వచ్చింది. రహస్య లిపి ఒక్కటే చాలదు. అవతల ఉన్నది నిజంగా మన బ్యాంకేనా, ఇంకెవరైనానా అన్నది తేలాలి. దస్తావేజు మీద సబ్ రిజిస్ట్రార్ ముద్ర చేసే పని ఇక్కడ సర్టిఫికెట్ చేస్తుంది. బ్రౌజర్ అందులో ముఖ్యంగా మూడు విషయాలు చూస్తుంది: పేరు మనం టైపు చేసిన చిరునామాతో సరిపోయిందా, గడువు ఉందా, జారీ చేసినవారు తన నమ్మకస్తుల జాబితాలో ఉన్నారా. ఇప్పటిదాకా మన ముందుకు వచ్చిన హెచ్చరికల్లో చాలా భాగం ఈ మూడు ప్రశ్నల చుట్టూ తిరిగినవే.

మన దేశంలో 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ సేవలు మొదలుపెట్టింది. 1998లో ప్రైవేటు సంస్థలకు తలుపులు తెరిచారు. ఆ తర్వాతి ఏళ్లలో చిన్న పట్టణాల్లోనూ నెట్ సెంటర్లు వెలిశాయి. మొదట్లో అక్కడ జరిగేవి మెయిలు, చాటింగ్, పరీక్ష ఫలితాలు. సర్టిఫికెట్‌తో పెద్దగా పని లేదు. 2002 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ ఆన్‌లైన్ టికెట్లు మొదలుపెట్టాక మన డబ్బు కూడా ఈ దారి పట్టింది.

అదే కాలంలో చట్టమూ వచ్చింది. 2000 అక్టోబరు 17న ఐటీ చట్టం అమల్లోకి రావడంతో సర్టిఫికెట్లు జారీ చేసే సంస్థలపై అజమాయిషీకి కంట్రోలర్ ఆఫ్ సర్టిఫయింగ్ అథారిటీస్ ఏర్పాటైంది. అది తన కింద లైసెన్సులు ఇచ్చిన సంస్థల్లో ఎన్ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) ఒకటి. హైదరాబాదులో రిజర్వు బ్యాంకు నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ మరొకటి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలయ్యాక కాంట్రాక్టర్లకూ డిజిటల్ సంతకం అవసరమైంది.

మొదటి చిక్కు ఇక్కడే పడింది. జారీ సంస్థల సర్టిఫికెట్లన్నిటికీ మూలమైన భారత ప్రభుత్వపు రూట్ సర్టిఫికెట్ మైక్రోసాఫ్ట్ నమ్మకస్తుల జాబితాలోకి చేరింది గాని ఫైర్‌ఫాక్స్ జాబితాలోకి చేరలేదు. దాంతో దేశీయ సర్టిఫికెట్ పెట్టుకున్న ప్రభుత్వ సైటు ఒక బ్రౌజర్‌లో సాఫీగా తెరుచుకునేది, మరో బ్రౌజర్‌లో ‘జారీ చేసినవారు ఎవరో తెలియదు’ అనేది. సైటు అసలుదే, కానీ హెచ్చరిక తప్పేది కాదు. రూట్ సర్టిఫికెట్‌ను డౌన్‌లోడ్ చేసి చేత్తో ఎక్కించడం, లేదంటే హెచ్చరికను దాటేయడం, ఈ రెండే మార్గాలు. సర్కారు సైటంటే ఎర్ర తెర మామూలే అన్న భావం పాతుకుపోవడానికి ఇదొక కారణం.

హెచ్చరికల రూపం కూడా అందుకు తోడ్పడింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 చిన్న పెట్టెలో అవునా కాదా అని అడిగి ఊరుకునేది. అందరూ అవుననే నొక్కేవారు. 2006లో వచ్చిన ఏడో వెర్షన్ ఆ పెట్టెను పూర్తి పేజీగా మార్చింది. 2008లో ఫైర్‌ఫాక్స్ 3 ఇంకా గట్టిగా నిలబడి, మినహాయింపు ఇవ్వాలంటే నాలుగైదు మెట్లు ఎక్కించింది. 2013లో దేవదత్త అఖావే, ఏడ్రియన్ పోర్టర్ ఫెల్ట్ ప్రచురించిన అధ్యయనంలో తేలిన లెక్క గమనించదగ్గది: సర్టిఫికెట్ హెచ్చరికల్లో జనం దాటి వెళ్లినవి క్రోమ్‌లో 70 శాతం, ఫైర్‌ఫాక్స్‌లో 33 శాతం. హెచ్చరిక రూపం మారితే జనం నడవడిక మారుతుందని అది చూపింది.

మన ప్రాంతంలో అందరికంటే ఎక్కువ మంది చూసిన హెచ్చరిక బహుశా తేదీకి సంబంధించినది. 2011లో మీసేవ మొదలైంది, ధ్రువపత్రాలు కంప్యూటర్ మీదికి వచ్చాయి. 2012, 2013 కరెంటు కోతల కాలం. కంప్యూటర్ మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, ఆపేసి ఉన్నప్పుడూ గడియారాన్ని నడిపించేది అదే. అది అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా సిస్టమ్ తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. అప్పుడు బ్రౌజర్ దృష్టిలో ప్రతి సర్టిఫికెట్టూ ఇంకా మొదలే కానిది, అన్ని సైట్లూ ఒకేసారి ఎర్రబడతాయి. కుడి మూల గడియారం మీద నొక్కి తేదీ సరిచేయడం, సీఆర్ 2032 బ్యాటరీ మార్చడం నెట్ సెంటర్ల వాళ్లు పనిలో పడి నేర్చుకున్న విద్య. ఇవాళ్టికీ అది సరైన వైద్యమే.

పాత విండోస్ తెచ్చిన చిక్కు వేరు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది. అదే సమయంలో బలహీనపడిన ఎస్‌హెచ్ఏ-1 ముద్రను ప్రపంచం వదిలేస్తోంది. సర్వీస్ ప్యాక్ 3 లేని ఎక్స్‌పీకి దాని స్థానంలో వచ్చిన కొత్త ముద్ర అర్థం కాదు. సైటు తనను తాను బాగుచేసుకున్నందుకే పాత కంప్యూటర్‌లో హెచ్చరిక వచ్చిన సందర్భం ఇది.

ఇన్ని ఉత్తుత్తి హెచ్చరికల మధ్య అసలు ప్రమాదం కూడా వచ్చింది. 2011లో నెదర్లాండ్స్‌కు చెందిన సర్టిఫికెట్ల జారీ సంస్థ డిజినోటార్‌లోకి దొంగలు చొరబడి గూగుల్ పేరుతో నకిలీ సర్టిఫికెట్ సృష్టించారు. ఆ ఏడాదే ఆ సంస్థ దివాలా తీసింది. 2014 జులై 2న గూగుల్ ఇంజనీర్లు మన ఎన్ఐసీ పేరుతో జారీ అయిన అనధికార సర్టిఫికెట్లను గుర్తించారు. అవి గూగుల్, యాహూ చిరునామాలవి. మర్నాడే కంట్రోలర్, రూట్‌కూ సైట్ల సర్టిఫికెట్లకూ మధ్య నిలిచే ఎన్ఐసీ మధ్యస్థ సర్టిఫికెట్లను రద్దు చేశారు. తర్వాత క్రోమ్ భారత రూట్‌ను ప్రభుత్వ, విద్యాసంస్థల చిరునామాలతో సహా కొద్దిపాటి పేర్లకే పరిమితం చేసింది. మైక్రోసాఫ్ట్ జాబితానే నమ్ముకునేవి గనుక విండోస్‌లో క్రోమ్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వాడినవారికే ఆ ముప్పు. ఫైర్‌ఫాక్స్ జాబితాలో ఆ రూట్ లేదు గనుక దాన్ని వాడేవారికి ఇబ్బంది లేకపోయింది. అన్నాళ్లూ చికాకు పెట్టిన ఫైర్‌ఫాక్స్ హెచ్చరికకు విలువ ఉందని ఆ వారం రుజువైంది. జారీ అయిన ప్రతి సర్టిఫికెట్‌నూ బహిరంగ చిట్టాలో రాయించే పద్ధతిని 2018 నుంచి క్రోమ్ తప్పనిసరి చేయడం వెనక ఇలాంటి అనుభవాలే ఉన్నాయి.

2015 చివర్లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే జారీ సంస్థ ఉచితంగా 90 రోజుల సర్టిఫికెట్లు అందరికీ ఇవ్వడం మొదలుపెట్టింది. 2018 జులైలో క్రోమ్, సర్టిఫికెట్ లేని సైట్లన్నిటికీ ‘నాట్ సెక్యూర్’ అని రాయసాగింది. చిన్న కాలేజీలు, దుకాణాలు కూడా సర్టిఫికెట్ బాట పట్టాయి. 2021 సెప్టెంబరు 30న లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఆసరా చేసుకున్న పాత రూట్ గడువు ముగియడంతో అప్‌డేట్లు ఆగిపోయిన పరికరాలు కొన్ని ఒక్కరోజులో మొరాయించాయి. పాత ఆండ్రాయిడ్ ఫోన్ల యజమానులకు సొంత జాబితా ఉన్న ఫైర్‌ఫాక్స్ ఎక్కించుకోమన్న సలహా అప్పట్లో వినిపించింది.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి: బాపట్ల, రేపల్లె కొత్త బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి, తెనాలి గుంటూరులో ఉండిపోయింది. కొత్త జిల్లాకు కొత్త వెబ్ చిరునామా వచ్చింది. సర్టిఫికెట్‌కు పేరే ప్రాణం. ఒక చిరునామా కింది పేర్లన్నిటికీ కలిపి తీసుకునే వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ కూడా ఒక మెట్టు వరకే చెల్లుతుంది. ఏపీ డాట్ జీవోవీ డాట్ ఇన్ కోసం తీసుకున్నది బాపట్ల అనే పేరుకు సరిపోతుంది, ఆ బాపట్ల ముందు ఇంకో పేరు చేరిస్తే సరిపోదు. చిరునామాలు మార్చేటప్పుడు అధికారులు దీన్ని ముందే చూసుకోవాలి.

ఈ చరిత్ర నుంచి చిట్కాల వరస దానంతటదే వస్తుంది. క్రోమ్‌లో నమోదైన 30 కోట్లకు పైగా హెచ్చరికలను పరిశీలించిన 2017 అధ్యయనం, సగానికి పైగా తప్పు సైటుది కాదనీ, వాడేవారి పరికరానిదో నెట్‌వర్క్‌దో అనీ తేల్చింది. అందుకే ముందు తేదీ, సమయం చూడాలి. తర్వాత చిరునామా అక్షరం అక్షరం చదవాలి. ఇంకో సైటు తెరిచి చూడాలి. అన్నీ ఎర్రబడితే లోపం మన దగ్గరే. రైల్వే స్టేషన్ వైఫైలో ఉంటే లాగిన్ పేజీ పూర్తి చేయాలి, లేదా మొబైల్ డేటాకు మారాలి. బ్రౌజర్, విండోస్ అప్‌డేట్ చేయాలి. యాంటీవైరస్ మధ్యలో దూరిందేమో గమనించాలి. ఇవన్నీ సరిగ్గా ఉండి ఒకే సైటు ఎర్రబడితే సర్టిఫికెట్ వివరాల్లో గడువు తేదీ చూసి ఆ శాఖకు తెలపాలి. ఆధార్ నంబరు, పాస్‌వర్డ్, ఓటీపీ కొట్టాల్సిన పేజీలో మాత్రం ప్రొసీడ్ నొక్కకూడదు.

రేపటి రోజులు ఇంకా కఠినం. 2025 ఏప్రిల్‌లో బ్రౌజర్ సంస్థలు, జారీ సంస్థలు కలిసి సర్టిఫికెట్ గరిష్ఠ గడువును దశలవారీగా తగ్గించాలని నిర్ణయించాయి: 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027లో 100, 2029లో 47. గుర్తుపెట్టుకుని చేత్తో మార్చే పద్ధతి ఇక సాగదు. రెన్యువల్ యంత్రమే చేయాలి. ఆ ఏర్పాటు చేసుకోని కార్యాలయం తన గుమ్మం ముందు ప్రజలకు మళ్లీ పాత అలవాటునే నేర్పుతుంది. రేపల్లె రైతుకు హెచ్చరికను దాటే చిట్కా నేర్పే అవసరమే రాకుండా చూడటం ఆ సైటు నడిపేవారి బాధ్యత. వారు దాన్ని నెరవేర్చిన నాడు, ఎర్ర తెర కనబడగానే ఆగిపోమని మనం నిశ్చింతగా చెప్పగలం.