క్రోటన్

పూలకన్నా ఆకుల రంగుకే తోటల్లో చోటు సంపాదించుకున్న పొద. ఆముదం కుటుంబానికి చెందిన దీని శాస్త్రనామం కోడియం వేరిగేటం. పుట్టిల్లు ఇండోనేసియా, మలేసియా, ఉత్తర ఆస్ట్రేలియా, పశ్చిమ పసిఫిక్ దీవులు. 1753లో వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దీన్ని క్రోటన్ ప్రజాతిలో చేర్చాడు. ఆ తరవాత శాస్త్రజ్ఞులు వేరుచేసినా పాత పేరే జనం నోట నిలిచింది. అసలైన క్రోటన్ ప్రజాతికి చెందింది మన నేపాళం మొక్క. తెలుగునాట రంగు ఆకుల మొక్క ఏదైనా క్రోటనే!

లేతాకు పచ్చగానో పసుపుగానో ఉండి, ముదిరేకొద్దీ నారింజ, ఎరుపు, ఊదా ఛాయలకు తిరుగుతుంది. అందుకే ఒకే కొమ్మ మీద నాలుగు రంగులు కనిపిస్తాయి. కొన్ని రకాల ఆకులు మరమేకులా మెలితిరుగుతాయి. మరికొన్నింటిలో ఆకు సగంలో తెగి, ఉత్త ఈనె సాగి, దాని కొసన మళ్లీ ఆకు మొదలవుతుంది. రంగు తేలేది వెలుతురులోనే. చీకటి గదిలో కుండీ పెట్టి, రంగు రాలేదని నర్సరీవాణ్ని తిట్టడం అన్యాయం.

పది రకాలు కలిపి నాటితే కంటికి గజిబిజి; ముదురాకుపచ్చ కంచె ముందు ఒకే రకాన్ని గుంపుగా నాటితే నిండుగా ఉంటుంది. విత్తనపు మొక్కకు తల్లి పోలిక దక్కదు కనుక కొమ్మలతో, గాలి అంట్లతో పెంచుతారు. తూర్పు గోదావరిలోని కడియం నర్సరీల్లో విరివిగా దొరుకుతుంది. కత్తిరించినప్పుడు కారే రసం తగిలితే కొందరికి చర్మం మండుతుంది.