గద్వాల అంచు, పసిపిల్ల లంగా

పసిపిల్లల పండుగ దుస్తుల చరిత్రకు రాజుల శాసనాలు గాని, కావ్యాల వర్ణనలు గాని పెద్దగా తోడ్పడవు. ఎందుకంటే పిల్ల తొడిగి విడిచిన బట్ట చెల్లెలికి, ఆ తర్వాత బొంతలోకి, చివరకు తుడుపుగుడ్డగా పోయేదే తప్ప పెట్టెలో నిలిచేది కాదు. 2016 అక్టోబరు 11న మహబూబ్‌నగర్ నుంచి వేరుపడిన జోగులాంబ గద్వాల జిల్లాలోని ధరూర్ ప్రాంతంలో ఈ లోటును కొంత పూడ్చగల ఆధారం ఒకటుంది: అదే గద్వాల మగ్గం. తొట్టెలకు (అంటే పసిబిడ్డను తొలిసారి ఉయ్యాలలో వేసే వేడుకకు), పుట్టువెంట్రుకలకు, జమ్మిచేడు జములమ్మ జాతరకు పిల్లకు ఏం తొడగాలనే వెతుకులాట చాలాకాలం అంగడిలో కాక తల్లి చీరల పెట్టెలోనే మొదలై అక్కడే ముగిసేది.

గద్వాల చీర ఒడలు నూలు, అంచు, కొంగు పట్టు. ఈ రెంటినీ కలిపే పద్ధతిని కుప్పడం అంటారు: గుంట మగ్గం మీద అంచుకొక నాడె, ఒడలికొక నాడె చొప్పున వేర్వేరు నాడెలు నడుపుతూ, ఒక పేకపోగును మరొక పేకపోగుతో మెలివేసి నేయడం దాని కీలకం, దీనికి మగ్గం దగ్గర ఇద్దరు మనుషులు కావాలి. అంచు మీద కోటగోడ పళ్ళలా వరుసగా నిలిచే ఆకృతిని కోటకొమ్మ అంటారు. గద్వాల సంస్థాన పాలకులు, ముఖ్యంగా చివరి పాలకురాలు మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ, ఈ నేతను ఆదరించారని, పనితనం నేర్చుకునేందుకు నేతగాళ్ళను కాశీకి పంపారని గద్వాలలో చెబుతారు. తిరుమల బ్రహ్మోత్సవాలకు గద్వాల నేతగాళ్ళు దీక్షతో నేసి పంపే జోడు పంచెలు కూడా సంస్థాన కాలం నుంచి వస్తున్నవే. దేవుని పంచె గురించీ రాణి చీర గురించీ ఇంత చెప్పుకున్న చరిత్ర, అదే మగ్గం బట్టతో కుట్టిన పిల్ల లంగా దగ్గర మౌనం వహించింది.

ఆ లంగా లెక్క తెలిస్తే దాని విలువ తెలుస్తుంది. చీర పన్నా సుమారు 45 నుంచి 48 అంగుళాలు. చిన్నపిల్లకు నడుము నుంచి చీలమండ దాకా రెండడుగుల లోపు బట్ట చాలు. అందువల్ల చీరను నిడివివెంట మధ్యకు చీలిస్తే, రెండు వైపులా అంచున్న చీర రెండు లంగాలకు సరిపడేది. ఒక్కో లంగా అడుగున ఒక్కో అంచు నిలిచి, అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే తల్లి చీరలో మెరిసేవారు. కొంగు ముక్క జాకెట్టయ్యేది. కత్తెర మాత్రం కుప్పడం కలిసిన గీతను తాకకూడదు. మెలిక తెగితే అంచు ఒడలి నుంచి ఊడిపోతుంది. బట్టలు కుట్టే వృత్తిగల మేరవారికి ఈ జాగ్రత్త తెలియనిది కాదు. పిల్ల ఎదుగుతుందన్న ఎరుకతో అంచుకు పైన వేసే అడ్డ మడతకుట్లు, అంటే టక్కులు, ఏటేటా ఒక్కొక్కటి విప్పితే అదే లంగా మూడు నాలుగు పండుగలకు వచ్చేది. పట్టు చర్మాన్ని ఒరుసుకోకుండా నూలు ఒడలే ఒంటికి తగలడం ఎండలు మండే ఈ సీమ పిల్లలకు కలిసివచ్చిన మరో మేలు.

కోస్తాలో పరికిణీ అనేదాన్ని ఇక్కడ లంగా అంటారు. మగపిల్లలకు లాగు, అంగీ సరిపోయేవి, వారి విషయంలో వెతుకులాట తక్కువ. గౌను వచ్చాక కథ మారింది: కుట్టి సిద్ధంగా అమ్మే దుస్తులు గద్వాల అంగళ్ళకు చేరడంతో, ఎంపిక తల్లి పెట్టె నుంచి అద్దాల అల్మారాకు మళ్ళింది, పిల్ల ఇష్టానికి మాట దక్కింది. ఇది మంచి మార్పే. అయితే అదే అల్మారాలో కోటకొమ్మను యంత్రం మీద అచ్చువేసిన నకలు బట్ట కూడా చేరడం నేతకు చేటు. ఎందుకంటే అచ్చుబట్టలో అంచును విడిగా పట్టి కలిపే మెలిక ఉండదు, దాన్ని నేసే రెండు జతల చేతులకు కూలి దక్కదు.

గద్వాల సంస్థానంలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల యుద్ధాలను పక్కకు పెట్టి సామాన్యుల తిండినీ బట్టనూ చరిత్రగా నిలిపారు. ఆ దారిలో పసిపిల్ల లంగాకు ఇంకా చోటు దొరకాల్సి ఉంది. ధరూర్ పల్లెల్లో పాత పెట్టెలు తెరిచేవారు, టక్కులు విప్పిన గీతలు ఇంకా కనిపించే చిన్న లంగా దొరికితే, దాన్ని తుడుపుగుడ్డగా వాడకుండా, ఏ చీర నుంచి, ఏ వేడుకకు, ఎవరు కుట్టారో ఒక చీటీ మీద రాసి జతచేసి దాచాలి.