గంజాం వ్యాయామశాల – నాయకత్వ పాఠములు

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు మద్రాసు రాజధానియందలి గంజాం మండలము రెండుగా చీలినది. బరంపురము, ఛత్రపురము మున్నగు ప్రాంతములు ఒరిస్సాలో చేరెను. శ్రీకాకుళము, టెక్కలి ప్రాంతములు విశాఖపట్టణ మండలమున కలిసెను. 1950లో శ్రీకాకుళము ప్రత్యేక మండలమైనది. పటముపై గీత మారినను ఇరువైపుల తెలుగువారి అభిరుచులు వెంటనే మారలేదు. అట్టి అభిరుచులలో నొకటి బలసాధన. సాము గరిడీల నుండి నేటి బరువులెత్తు పోటీల వరకు సాగిన ఈ సంప్రదాయమున, పదిమందిని కూడగట్టి పని నడపువారు నేర్వదగిన పాఠములు పెక్కు కలవు.

ఈ ప్రాంతమున బలమనగానే స్మరణకు వచ్చువాడు వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తి నాయుడు. విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడుగా నుండి, పిదప సర్కసు నడిపి దేశమెల్ల కీర్తి గడించి, 1942లో కన్నుమూసెను. రొమ్ముపై ఏనుగు నెక్కించుకొనిన వీరునిగనే లోక మాయనను ఎరుగును. కాని ఆ ప్రదర్శనమున పలక నమర్చువాడు, ఏనుగును నడపు మావటివాడు ఏమరుపాటు చెందినచో ఎంతటి బలమైనను నిష్ఫలమే. గుడారము వేయువాని మొదలు మల్లుని వరకు అందరి శ్రమయు చేరినగాని సర్కసు నడువదు. నాయకుని ధైర్యమునకు అనుచరుల జాగరూకతయే పునాది.

బరువులెత్తుట ఒంటరివాని క్రీడవలె కనబడును. వ్యాయామశాలలో సంగతి వేరు. ఒకడు కడ్డీ నెత్తుచుండగా వేరొకడు ప్రక్కన నిలిచి కాచును; మరియొకడు బిళ్లలు మార్చును. ఇప్పుడు ఎత్తినవాడే మరుక్షణమున ఇతరునికి సహాయకుడగును. పెద్దవాడైనను తన వంతుకై వేచియుండవలసినదే. గురువు అందరికి ఒకే బరువు విధింపడు. ఎవని శక్తి నెరిగి వానికి బరువు నిర్ణయించి, క్రమముగ పెంచును.

ఇట్టి సాధననుండి వెలసినది కరణం మల్లీశ్వరి. పూర్వపు గంజాములోనిదైన ఆమదాలవలస ప్రాంతమున నామె నీలంశెట్టి అప్పన్న శిక్షణలో అభ్యాస మారంభించెను. 1994, 1995 సంవత్సరములలో ప్రపంచ విజేతయై, 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్ క్రీడలయందు 69 కిలోల తరగతిలో కాంస్యపతకము గెలిచి, ఒలింపిక్ పతకము నందిన తొలి భారతీయ మహిళ యయ్యెను. ఆనాడామె ఎత్తిన మొత్తము 240 కిలోలు. స్వర్ణ, రజత విజేతలు ఎత్తినది 242.5 కిలోలు. రెండవ విభాగమున 130 కిలోలు ఎత్తిన పిదప, కడపటి యత్నమున 137.5 కిలోలకు పూనుకొనగా అది సాధ్యపడలేదు. వేదికపై నిలిచినది ఆమె యొక్కతె. ఎంత బరువు కోరవలెనను లెక్క మాత్రము శిక్షకులతో ముడిపడినది. నిర్ణయమున భాగస్వాములైనవారు ఫలితమునందును భాగస్వాములు కావలెను. గెలుపును పంచుకొని ఓటమిని క్రిందివారి తలపై వేయుట నాయకత్వ మనిపించుకొనదు. ఆమెయే 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయమునకు ఉపకులపతిగ నియుక్తురాలగుట గమనింపదగినది.

బరంపురము వాడైన కాటూలు రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్తు క్రీడలలో 69 కిలోల తరగతియందు 321 కిలోలు ఎత్తి స్వర్ణమును, 2014లో గ్లాస్గోన 77 కిలోల తరగతియందు రజతమును పొందెను. చీలిన మండలము రెండు భాగములును ఒకే విద్యలో పేరుగాంచినవి.

ఈ పాఠములు కార్యాలయములకు, కర్మాగారములకు ఎట్లు వర్తించునని ప్రశ్నింపవచ్చును. సమాధానము బరంపురము పట్టుమగ్గము చెంతనే యున్నది. ఆ పట్టునకు 2012లో భౌగోళిక గుర్తింపు లభించినది. దారము తీయువారు, రంగు లద్దువారు, పడుగు పట్టువారు, పేక నేయువారు వేరువేరు. పడుగు చెడిననాడు నేతగాని నేర్పు ఫలింపదు. చీర అందముగ వచ్చిననాడు మెప్పు ఒక్క నేతగానిదే కాదు. అధికారి తనక్రింది ఉద్యోగి శక్తి నెరిగి పని నప్పగించుట, కష్టమైనప్పుడు ప్రక్కన నిలుచుట, పొరపాటును అందరి యెదుట గాక ఒంటరిగ దిద్దుట, మెప్పు దానికి కారకులైనవారికే దక్కనిచ్చుట – వ్యాయామశాల గురువు దినదినము చేయు పనులివియే.

పతకము శిష్యుని మెడలో పడును. గురువు పేరు పత్రికలలో అరుదుగ కనబడును. అయినను మరునాటి ఉదయమున ఆయన మరల వ్యాయామశాల తలుపు తెరచును. తనకంటె మిన్నగ ఎత్తగలవానిని తయారుచేయుటయే ఆయన విజయము. పదిమందిపై పెత్తనము వహించు ప్రతివాడును ఆ తలుపు తెరచు చేతిని మరువరాదు.