ఊరగాయ జాడీ చరిత్ర

ఉగాది పచ్చడి అయిన కొద్ది వారాలకే మన యిండ్లలో అటకమీది జాడీలు దిగుతాయి. ఎట్టయాపురం, కోవిల్పట్టి ప్రాంతపు తెలుగువారికి పరిచయమైన ఈ వస్తువును గురించి నాలుగు మాటలు మనవి చేస్తున్నాము.

ఆహారం చెడకుండా నిలువచేయడం లోకమంతటికీ ఉన్న చిక్కే. ఫ్రాన్సులో నికొలా అపేర్ అనే మిఠాయి పనివాడు పదార్థాలను గాజుసీసాలలో నింపి, బిరడా బిగించి, సీసాలనే నీళ్ళలో మరగకాచి నిలువచేశాడు. 1810లో ప్రభుత్వం అతనికి 12,000 ఫ్రాంకులు బహుమానమిచ్చింది. చెడగొట్టేవి సూక్ష్మజీవులని పాశ్చర్ నిరూపించింది 1860 తరువాతనే. అమెరికాలో జాన్ మేసన్ మరమూత గల గాజుజాడీకి 1858 నవంబరు 30న పేటెంటు పొందాడు. ఎన్నో ఏండ్ల తరువాత చేసిన జాడీలమీద కూడా ఆ తేదీనే పోతపోశారు గనుక, దాన్నిబట్టి జాడీ వయస్సు లెక్కకట్టరాదు.

వారిది వేడి, మనది ఉప్పు, పులుపు, నూనె. ఉప్పు ముక్కలోని నీటిని ఊటగా లాగుతుంది. పైన తేలే నూనె గాలిని ఆపుతుంది. కనుక మనకు మరమూత అక్కరలేదు, వాసెన గుడ్డ చాలు. తూత్తుకుడి ఉప్పు, విరుదునగరం నువ్వులనూనె దగ్గరనే దొరికే మనకు కొరతేమున్నది?

ఇత్తడిని, రాగిని పులుపు తింటుంది. పూతలేని కుండ నూనె పీలుస్తుంది. జాడీమీది మెరుపు నిజానికి గాజే. కొన్ని రకాలకు మండే ఆవంలో ఉప్పు చల్లుతారు. ఆ ఆవిరి మట్టితో కలిసి గాజుపొర అవుతుంది. బర్మారేవు మర్తబాను పేరుతో ప్రసిద్ధమైన పెద్దజాడీలలో అల్లం, మిరియాలు, నిమ్మ, మామిడి ఉప్పువేసి ఓడప్రయాణానికి ఇచ్చారని 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబన్ బతూతా వ్రాశాడు.

1904లో సుబ్బరామ దీక్షితులవారి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' ఎట్టయాపురంలో తెలుగులిపిలోనే అచ్చయింది. నేడు ఇక్కడ ఇంట తెలుగు మాట్లాడే పలువురికి ఆ లిపి రాదు. మన అమ్మమ్మల ఊరగాయ కొలతలు ఏ పుస్తకంలోనూ లేవు. వారి నోటనే ఉన్నాయి. జాడీలేమో కారైక్కుడి పాతసామాను అంగళ్ళకు చేరుతున్నాయి.

పూత పెచ్చులూడిన జాడీని వాడవద్దు. మంచిదాన్ని అమ్మవద్దు. ఈ ఏడు ఊరగాయ పెట్టేనాడు పెద్దవారిని కూర్చోబెట్టి, ఉప్పెంత, కారమెంత, నూనెయెంత అని అడిగి, పిల్లలచేత తెలుగులో వ్రాయించండి. కొలతా మిగులుతుంది, అక్షరమూ వస్తుంది. ఇదే మా మనవి.