గంప కమ్మే వేళ

పోయిన నెల మన కూటానికి వచ్చిన ఒక తమ్ముడు తన గోడు చెప్పుకున్నాడు. పెరట్లో ముచ్చటపడి పెంచుకున్న నాటుకోళ్లలో మూడు ఒకే రాత్రి పోయాయట. పగలు గోడ పక్కన ముంగిస తిరగడం చూశాడు గనుక, "అన్నా, ముద్దలో విషం కలిపి పెట్టేదా?" అని అడిగాడు. మేము రైల్వే పార్సెల్ ఆఫీసులో గుమాస్తాగిరీ చేసి రిటైరైనవాళ్లం, పశువుల డాక్టర్లం కాము. ఆరోజు సరిగ్గా బదులు చెప్పలేకపోయాము. ఇంటికొచ్చి ఆలోచిస్తే, ఈ కోడి కాపుదల వెనుక మన చరిత్ర చాలానే ఉందని తోచింది.

మా చదువంతా తమిళంలోనే గనుక మొదట అక్కడి మాట చెబుతాము. దాదాపు రెండువేల ఏళ్ల నాటి సంగం పాటల్లో కురుందొగై ఒక సంపుటి. అందులో 139వ పాట ఒక్కూర్ మాసాత్తియార్ అనే ఆమెది. మాపటేళ కంచె దగ్గర అడవిపిల్లుల గుంపును చూసి, పొట్టికాళ్ల ఇంటికోడి బెదిరిపోయి పిల్లల్ని కేకేస్తుంది. 107వ పాటలో, వేకువనే కూసి నిద్ర లేపిన పుంజును ఇల్లాలు తిడుతుంది. నడిరేయి ఇంటెలుకల కోసం కాచుకునే పిల్లికి నువ్వు తిండి కావాలని శపిస్తుంది. అంటే ఈ నేలమీద కోడికీ పిల్లికీ ఉన్న పగ మనం రాకముందే పాతది.

మనవాళ్లు వచ్చింది తరువాత. 1529లో విశ్వనాథ నాయకుడితో మదురై నాయకుల ఏలుబడి మొదలైంది. తరువాత పాళెయాలు ఏర్పడ్డాయి. ఆ కాలంలోనూ దాని ముందూ వెనుకా ఎన్నో తెలుగు కుటుంబాలు ఈ నల్లరేగడి సీమకు చేరాయి. ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ గారు ఆ వలసనే 'గోపల్ల గ్రామం' నవలగా తమిళంలో రాశారు. అడవిని కొట్టి, కాల్చి ఊరు కట్టుకున్న కథ అది. ఆ లెక్కన నక్కా, బావురుపిల్లీ మనకంటే ముందే ఇక్కడ కాపురమున్నాయి.

సాత్తూరుకూ కోవిల్పట్టికీ నడుమ మా ఊళ్లో కోడిగూడు ఇంటి అరుగులోనే ఉండేది. అరుగు కింద మట్టితో చిన్న గది, చేయి దూరేంత వాకిలి, దానికి అడ్డంగా ఒక బండరాయి. పిల్లలకోడిని మాత్రం పగలంతా గంప కింద కమ్మేవాళ్లు. గంప మీద ఒక రాయి పెట్టేవాళ్లు, కుక్క తోసినా దొర్లకుండా. మా తమిళ ఇరుగుపొరుగు దాన్నే పంజారం అంటారు. పొద్దు వాలితే అవ్వ కేక వినబడేది, "అబ్బయ్యా, గంప కమ్మినావా? గూటికి రాయి పెట్టినావా?" అని. గూట్లోకి పోయే కోళ్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం మా పని.

ఏ వేళకు ఏ శత్రువో ఆ ఆడవాళ్లకు బాగా తెలుసు. గద్ద, కాకి, ముంగిస పగటివి. బావురుపిల్లి, పునుగుపిల్లి రాత్రివి. నక్క మాపటేళ మొదలుకొని తెల్లవారేదాకా తిరుగుతుంది. జెర్రిపోతు గుడ్ల కోసం వస్తుంది. ఇప్పుడు తమ్ముడి కోళ్లు పోయింది రాత్రి గదా! ఆ వేళకు ముంగిస బొరియలో నిద్రపోతుంటుంది. ఎక్కువగా అది పిల్లి పనే అయి ఉంటుంది. విషం పెడితే, ఎలుకల్నీ పాముల్నీ పట్టే ముంగిస చస్తుంది, కోళ్లను చంపింది మళ్లీ వస్తుంది. ఆ ముద్ద వీధికుక్కలూ కోళ్లూ కూడా తినొచ్చు. పైగా 1972 నాటి వన్యప్రాణి చట్టం ముంగిసకూ నక్కకూ బావురుపిల్లికీ రక్షణ ఇచ్చింది. ఆ చట్టం లెక్కలో విషం పెట్టి చంపడం కూడా వేటే.

మా తప్పు కూడా చెప్పాలి. 1975లో మేము ఎస్సెస్సెల్సీ చదువుతున్నాము. పరీక్ష ఫీజు కోసం అవ్వ రెండు పెట్టల్ని అమ్మకానికి మేపి ఉంచింది. ఒక మాపు ఊళ్లో తిరనాళ్ల సందడిలో పడి గూటికి రాయి పెట్టడం మరిచాము. తెల్లవారి చూస్తే అరుగు కింద ఈకలే. అవ్వ కొట్టలేదు. "దానికి ఆకలి, నీకు మరుపు" అని ముక్కుపుడక తాకట్టు పెట్టి ఫీజు కట్టింది. ఆ ముక్కుపుడక మళ్లీ ఇంటికి రాలేదు. ఆ పరీక్ష పాసైనందుకే మాకు రైల్వే ఉద్యోగం వచ్చింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో వెదురుబుట్టల్లో నాటుకోళ్లు పార్సెల్‌కు వచ్చేవి. రానురాను నామక్కల్ గుడ్లు, ఫారం కోళ్లు ఊరూరికీ చేరాయి. పెరటిగూళ్లు ఖాళీ అయ్యాయి. అరుగులు కొట్టి ఇళ్లు కట్టినప్పుడు గూళ్లూ పోయాయి. ఇప్పుడు మళ్లీ కోళ్లు పెంచాలని సరదాపడే మన పిల్లలకు గూడు ఎలా మూయాలో చెప్పేవాళ్లు లేరు.

కనుక తమ్ముడికి మా బదులు ఇది. షట్కోణపు కన్నుల పలచని కోడివల కోడిని లోపల ఉంచుతుంది గానీ శత్రువును బయట ఆపదు. అరంగుళం కన్నుల వెల్డింగ్ మెష్ వేయండి. అంచును అడుగు లోతు భూమిలో పాతండి, తవ్వి దూరేవాటికి అదే అడ్డం. వాకిలికి కొక్కెం కాదు, గడియ పెట్టండి. పొద్దు కుంకకముందే లెక్కపెట్టి మూయండి. కొక్కెర తెగులుకు టీకా మరవకండి, ఇక్కడ వెళ్లైక్కళిచ్చల్ అనేది దాన్నే. తెగులు పడితే గూడంతా తుడిచిపెట్టుకుపోతుంది.

సభ్యులకు ఒక మనవి. మీ ఇళ్లలో పెద్ద ఆడవాళ్లుంటే గంప, గూడు, పొదుగు, పిల్లలకోడి గురించి వాళ్లు వాడే తెలుగు మాటల్ని అడిగి రాసి పంపండి. మా అవ్వను మేము అడగలేదు. ఆమె కోళ్లను పిలిచే కూత మా చెవుల్లో ఉంది, దాన్ని ఏ అక్షరాలతో రాయాలో మాత్రం తెలియడం లేదు.