పలుకుటకు అనుమతి: నిజాం రాజ్యములో తెలుగువారి దినచర్య

1938వ సంవత్సరాంతమున హైదరాబాదు నగరములోని ఉస్మానియా విశ్వవిద్యాలయమునుండి వందలాది విద్యార్థులు వెడలగొట్టబడిరి. వారు దొంగతనము చేయలేదు. ఎవ్వరిపైనను చేయి యెత్తలేదు. వసతిగృహములోని ప్రార్థనలో ‘వందేమాతరం’ గీతము పాడవలదని యధికారులు శాసింపగా, పాడుట మానుకొనలేదు. అంతియే వారి నేరము. వారిలో పలువురకు నాగపుర విశ్వవిద్యాలయము తలుపులు తెరచెను. ఆనాడు రాయపూరు, నాగపురము రాజధానిగా గల మధ్యపరగణాలు–బేరారు రాష్ట్రములోనిదే. కనుక ఛత్తీస్‌గఢ్ ప్రాంతమున నివసించు తెలుగువారికి ఈ చరిత్ర దూరపుది కాదు. ఒక పాటకై చదువు పోగొట్టుకొనవలసిన రాజ్యములో సామాన్యుడు ప్రతిదినము ఎట్లు జీవించెనో తెలిసికొనుట యావశ్యకము.

నిజాం రాజ్యము సుమారు 82 వేల చదరపు మైళ్ల విస్తీర్ణము గలది. 16 జిల్లాలలో 8 తెలుగు జిల్లాలు. ప్రజలలో సుమారు సగము మంది మాతృభాష తెలుగు. మరాఠీ, కన్నడ భాషీయులును అధికముగా నుండిరి. అయినను కచేరీలలో, న్యాయస్థానములలో, ఉన్నత విద్యలో ఉర్దూయే చెల్లుచుండెను. రైతునకు తన భూమిని గూర్చి వచ్చిన తాఖీదు తనకే బోధపడెడిది కాదు. దానిని చదివి చెప్పువారిని వెదకుకొని పోవలెను. వారు చెప్పినదే నమ్మవలెను. తన బ్రదుకును నిర్ణయించు కాగితము తనకు చదువరాని భాషలో నుండుట ఆ పాలనలోని మొదటి కష్టము.

రెండవది అనుమతి. 1929 ప్రాంతమున వెలువడిన ‘గస్తీ నిషాన్ 53’ అను ఉత్తరువు ప్రకారము బహిరంగసభ జరుపుటకు ముందుగా ప్రభుత్వానుమతి పొందవలెను. ప్రైవేటు పాఠశాల పెట్టుటకును అనుమతి కావలెను. నలుగురు కూడి పత్రిక చదువుకొను గ్రంథాలయమును సైతము అధికారులు అనుమానముతో చూచుచుండిరి. ఇట్టి చట్టము సభలను ఆపుటతో తృప్తి నొందదు. కొంతకాలమునకు మనుష్యుడు తన మాటను తానే ఆపుకొన నేర్చును. బజారులో మాటాడదగినదేది, ఇంటిలో మాటాడదగినదేది, ఇంటిలోనైనను గొంతు తగ్గించి చెప్పవలసినదేది యని లెక్క వేసికొనును. పోలీసు జవాను కంటికి కానరానప్పుడును వాని యడుగుల చప్పుడు చెవిలో వినవచ్చుచుండును.

పల్లెలలో ఈ భయమునకు ఒక ఇల్లు ఉండెను. దానిని గడీ యనిరి. అందు దేశముఖో, జాగీరుదారో నివసించెడివాడు. కుమ్మరి కుండలను, గొల్ల గొర్రెను, గీతకాడు కల్లును, సాలె బట్టను ఊరకనే ఇయ్యవలెను. చాకలి, మంగలి గడీలో చాకిరి చేయవలెను. ఊరి వెలుపలి వాడలవారు కబుర్లు మోయవలెను, తోలుపని చేసి పెట్టవలెను. అధికారులు దౌరాకు వచ్చినచో వారి బిడారమునకు కావలసిన సామగ్రి యంతయు గ్రామమే సమకూర్పవలెను. దీనికి వెట్టి యని పేరు. తన పొలములో పైరు ఎండుచున్నను, ఇంటిలో బిడ్డ జ్వరముతో నున్నను, పిలుపు వచ్చినంతనే పోవలసినదే. ‘నీ బాంచను, కాల్మొక్త’ యను మాట ఆ కాలపు నమస్కారము. ‘నీ దాసుడను’ అని దాని యర్థము. వెట్టిని నిషేధించు ఫర్మానాలు లేకపోలేదు. అవి కాగితముపై నుండెను. గడీ ఊరిలో నుండెను. అందుచేతనే ఆంధ్ర జనసంఘమువారు వెట్టిని గూర్చిన కరపత్రములు ముద్రించి గ్రామములలో పంచిరి.

ఈ నిరంకుశత్వమును ఒక మతమునకు అంటగట్టుట చరిత్రకు ద్రోహము చేయుటయే యగును. ప్రభువు ముసల్మాను, కాని గడీలలోని దేశముఖులలో పెక్కురు హిందువులే. విస్నూరు దేశముఖును న్యాయస్థానములో ఎదిరించి ప్రాణము గోల్పోయిన షేక్ బందగీ ముసల్మాను. అదే దేశముఖు బలగమునుండి తన పంటను కాపాడుకొనిన పాలకుర్తి చాకలి ఐలమ్మ హిందువు. బాధించువారును, బాధింపబడువారును రెండు మతములలోను ఉండిరి.

ఇన్నిటికంటెను లోతైన గాయము 1921 నవంబరులో బయల్పడెను. హైదరాబాదు వివేకవర్ధని నాటకశాలలో మహర్షి కర్వే అధ్యక్షతన సంఘసంస్కరణ మహాసభ జరుగుచుండెను. ఆలంపల్లి వేంకటరామారావు అను న్యాయవాది తెలుగులో ప్రసంగింప లేచెను. సభలోనివారు గేలిచేసి, చప్పట్లు కొట్టి, ఆయనను మాటాడనీయలేదు. ఆ గేలి సర్కారుది కాదు. అదే పాలనలో నలుగుచున్న తోడి ప్రజలది. ఒక భాషను కచేరీనుండి తొలగించిన ప్రభుత్వము, ఆ భాష పలుకుటయే హాస్యాస్పదమను భావమును ప్రజల మనస్సులలో నాటగలిగెను. నిరంకుశ పాలనకు ఇంతకు మించిన విజయము లేదు. ఆ రాత్రియే కొలదిమంది తెలుగువారు సమావేశమై ఆంధ్ర జనసంఘమును స్థాపించిరి. ఓటమి యనిపించిన ఆ సాయంకాలమే మేలుకొలుపు ఆయెను.

ఆ మేలుకొలుపునకు భూమిని ముందే దున్ని యుంచినవి గ్రంథాలయములు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. మొదటిదాని స్థాపకులలో నొకరగు కొమర్రాజు లక్ష్మణరావుగారు నాగపురములో చదివినవారు. అక్క భండారు అచ్చమాంబగారి యింట పెరిగి ఆయన విద్య గడించెను. ఆమె భర్త మధ్యపరగణాలలో ప్రభుత్వోద్యోగము చేసిన ఇంజనీరు. స్త్రీల చరిత్రలను తెలుగులో రచించిన ఆ విదుషీమణి 1905లో బిలాసపూరులో కన్నుమూసెను. ఉద్యోగరీత్యా పరభాషా ప్రాంతమునకు వచ్చిన ఒక తెలుగు కుటుంబము పెంచిన బాలుడు తెలంగాణమునకు గ్రంథాలయ దీపము వెలిగించినవారిలో నొకడగుట ప్రవాసాంధ్రులు మరువరాని సంగతి.

గ్రంథాలయము వెంట పత్రికలు వచ్చినవి. 1922లో నల్లగొండనుండి ‘నీలగిరి’, ఇనుగుర్తినుండి ‘తెనుగు’, 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారి ‘గోలకొండ’ వెలువడినవి. తెలంగాణములో కవులు లేరన్న మాటకు బదులుగా ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవుల రచనలతో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించిరి. మాడపాటి హనుమంతరావుగారు 1928లో తెలుగు మాధ్యమమున బాలికల ఉన్నత పాఠశాలను నెలకొల్పిరి. స్వరాజ్యములో గుర్తింపు దొరకనందున దానిని కర్వేగారి మహిళా విశ్వవిద్యాలయమునకు అనుబంధించిరి. తన పట్టణములో తన భాషలో చదివిన బాలిక పరీక్షకై పరరాష్ట్రపు విశ్వవిద్యాలయమును ఆశ్రయింపవలసి వచ్చెను! 1930లో జోగిపేటలో ప్రథమ ఆంధ్రమహాసభ ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జరిగెను. 1938 నాటి విద్యార్థుల గొంతులో పలికినది ఇన్నేండ్ల చదువే.

1947లో దేశము స్వతంత్రమైనను హైదరాబాదు ప్రజలకు ఆ వెలుగు అందలేదు. కాసిం రజ్వీ నాయకత్వమున రజాకారులు విజృంభించిరి. ప్రభుత్వపు పోలీసు ఎవరో, ప్రైవేటు సేన ఎవరో వేరుపరుపరాని స్థితి యేర్పడెను. పల్లెలలో రాత్రులు నిద్ర కరువయ్యెను. అనేక కుటుంబములు సరిహద్దు దాటి తలదాచుకొనెను. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిపై దాడి జరిగి గ్రామస్థులు పెక్కురు హతులైరి. అదే నెలలో, భారత యూనియన్‌లో చేరుటయే మేలని తన ‘ఇమ్రోజ్’ పత్రికలో వ్రాసిన యువసంపాదకుడు షోయబుల్లాఖాన్ హత్య చేయబడెను. హంతకు లాయన చేతిని నరకిరి. ఆ చేయి ఉర్దూలో వ్రాసినది. సత్యము పలుకువారికి ఏ భాషయు రక్షణ కాదని ఆ పాలన నిరూపించెను.

1948 సెప్టెంబరు 13న ఆరంభమైన సైనికచర్య ఐదు దినములలో ముగిసెను. నిజాం పాలన అంతరించెను. పిమ్మట కొన్ని జిల్లాలలో నిరపరాధులైన ముసల్మానులు హత్యలకు, దోపిడికి గురియైరి. పండిత సుందరలాల్ సంఘము ఆ ఘోరములను విచారించెను. భయములో పెరిగిన సమాజము భయము తొలగిన మరునాడే న్యాయము నేర్చుకొనజాలదు. ఈ సత్యమును దాచినచో చరిత్ర సగమే చెప్పినట్లగును.

హిట్లరు జర్మనీలోవలె ప్రతి శ్వాసను ఒక రాజకీయపక్షము శాసించిన నియంతృత్వము హైదరాబాదులో లేకపోవచ్చును. కాని మనుష్యునిచే తన మాటను తానే మ్రింగింపజేయు విద్యలో రెండింటికిని చుట్టరికము కలదు. దానికి తెలుగువారు కనిపెట్టిన మందులలో మొదటిది మిక్కిలి చిన్నది: ఒక గది, కొన్ని పుస్తకములు, ఒక పత్రికను గట్టిగా చదువువాడు, చుట్టును వినువారు. శ్రీకృష్ణదేవరాయ భాషానిలయము హైదరాబాదు సుల్తాను బజారులో నేటికిని నిలిచి యున్నది. అందు చదువుకొనుటకు నేడు ఎవ్వరి అనుమతియు అక్కరలేదు. ఆ అక్కరలేమికై ఎందరు ఎంత వెల యిచ్చిరో, ఏ ఊర నివసించు తెలుగు తల్లిదండ్రులైనను తమ బిడ్డలకు చెప్పవలసియే యున్నది.